పిడులు లేని తలుపులు

వర్క్‌షాపు, వెనక షెడ్డు నుంచి

కొలబద్దకి,

నీ ఉత్తరం అందింది. వంటగది అరలు చెమ్మకి ఉబ్బిపోయి తలుపులు పడటం లేదని రాశావు. అవి నేను చేసినవి కావు కాబట్టి నాకు ఆశ్చర్యం లేదు. నీ మొగుడు చవగ్గా వస్తుందని ఎవడితోనో చేయించాడు. పోయినవాణ్ణి ఇప్పుడు ఏమీ అనకూడదు. అనేశాను, సరే.

మధ్యలో ఫోను ఎందుకు చేస్తావు? నాకు వినపడదని తెలుసుగా. బతుకంతా రంపం మిషను పక్కన నిలబడ్డ చెవులివి. ఫోనులో నీ గొంతు కూడా మిషను మోతలాగే ఉంటుంది. ఉత్తరమే రాయి. నా రాత చూసి నవ్వొస్తే నవ్వుకో. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, పంతులమ్మలా చేతిలో కొలబద్దతో, నాన్న బల్ల మీద రంపపు పొట్టు పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది నువ్వే. తప్పులుంటే నీ నెత్తినే వేసుకో.

నీ వంటగది నేను చేస్తాను. చెయ్యి వణుకుతోందని మా యజమాని నన్ను కోత దగ్గర నుంచి తీసి పాలిషు దగ్గర కూర్చోబెట్టాడు. వణికేది చెయ్యి, పనితనం కాదు. ఆ మాటే అన్నాను. గడ్డం గోక్కుని, "సరే పెద్దాయనా, మీ చెల్లెలిది నువ్వే చెయ్యి. బాగా కుదిరితే కస్టమర్లని తీసుకెళ్ళి చూపిస్తాను. అదయ్యాక మాత్రం ఇంటి పట్టున ఉండు" అన్నాడు. అంటే ఇదే నా ఆఖరి వంటగది. అందుకని ఇందులో ఎవరి మాటా వినను.

మా షాపులో ఇప్పుడు ఒక డిజైను అమ్మాయి ఉంది. మేకు కొట్టడం రాదు, కంప్యూటరులో వంటగదులు కట్టేస్తుంది. ఆ అమ్మాయి ఇచ్చిన ప్రశ్నల కాగితం ఇందులో పెడుతున్నాను. మీరెలాంటి మనిషి, మీకు సందడి ఇష్టమా, ఒంటరిగా ఉండటం ఇష్టమా, సామాన్లు కళ్ళెదుట ఉండాలా, దాచిపెట్టాలా, అన్నీ ఇలాంటివే. జవాబులు చూసి నీ స్వభావానికి ఏ రకం వంటగది నప్పుతుందో చెప్తుందట. "మనిషి స్వభావానికీ గిన్నెల అరకీ ఏంటమ్మా సంబంధం?" అని అడిగాను. "మీ స్వభావానికి తగ్గట్టు బట్టలు ఎంచుకోరా తాతగారూ, ఇదీ అంతే" అంది. నేను రెండు చొక్కాల మనిషిని. కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

నీకేం కావాలో నాకు తెలుసు. తలుపులన్నీ ఒకే చెక్క నుంచి కోస్తాను. చెక్కలోని గీత ఈ గోడ దగ్గర మొదలై ఆ గోడ దాకా తెగకుండా పారాలి. పిడులుండవు. వేలితో నొక్కితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. కళ్ళు మూసుకుని తడిమినా ఎక్కడ ఒక తలుపు అయిపోయి ఇంకోటి మొదలైందో గోటికి కూడా తగలకూడదు. అదీ పనంటే.

ఇట్లు,
అన్నయ్య

*

ముందుగది, కిటికీ పక్క నుంచి

అన్నయ్యా,

ప్రశ్నల కాగితం నింపి పంపుతున్నాను. నవ్వకు. నాకు నచ్చింది ఆ కాగితం. ఇన్నేళ్ళలో నువ్వెలాంటి మనిషివని నన్నెవరూ అడగలేదు. బళ్ళో పిల్లల గురించి అడిగారు, ఇంట్లో కూరలో ఉప్పెందుకు తగ్గిందని అడిగారు.

తీరిగ్గా ఆలోచించి రాశాను. నేను అన్నీ ఎదురుగా పెట్టుకునే మనిషిని. నాకు తలుపులే వద్దు. వట్టి అరలు చాలు. ఉప్పు ఎక్కడుందో, పప్పు ఎక్కడుందో చెయ్యి చాస్తే అందాలి. పొయ్యి గట్టు ముదురు రంగులో ఉండి, దాని అంచు తెల్లగా ఉంటే బాగుంటుంది. తలుపులు పెట్టక తప్పదంటే వాటికి పిడులు పెట్టు. నాజూకువి కాదు, పిడికిట్లో పట్టేవి.

నీ మేనకోడలు మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కదానివీ ఎందుకు, ఇల్లు ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చెయ్యమంటోంది. మంచిదే, కాదనను. కానీ వాళ్ళింట్లో నాకో కుర్చీ ఉంటుంది, అంతే. నా పొయ్యి దగ్గర నేను నిలబడి నా అన్నం నేను వండుకున్నంత కాలం ఇక్కడి నుంచి కదలనని చెప్పాను. "సరే అమ్మా, వండుకోలేని రోజు నువ్వే చెప్పు" అంది. మాట ఇచ్చాను. కాబట్టి ఈ వంటగది నా చేతికి అనువుగా ఉండాలి అన్నయ్యా. అందంగా లేకపోయినా ఫరవాలేదు.

నీ చెల్లెలు

*

వర్క్‌షాపు, వెనక షెడ్డు నుంచి

కొలబద్దకి,

కొలతలు తీసుకుని క్షేమంగా చేరాను. బస్సులో ఒకడు నా టేపు మీద కూర్చున్నాడు. అది తప్ప విశేషం లేదు.

అక్కడ ఏమీ అనలేదు కానీ ఇప్పుడు రాస్తున్నాను. మరీ ఇంత పరధ్యానం ఏంటే నీకు? నాకు మంచినీళ్ళిస్తూ గ్లాసు పక్కన పోశావు. ఒక కాలికి గోధుమరంగు చెప్పు, ఇంకో కాలికి నల్ల చెప్పు. నీ రాత కూడా చూస్తున్నాను, వరస ఎగువకి పోయి దిగువకి జారుతోంది. అచ్చులో పోసినట్టు రాసేదానివి. పింఛను తింటూ కూర్చుంటే ఒళ్ళు బద్ధకిస్తుంది. కాస్త మనసు పెట్టు.

ఇక వంటగది. వట్టి అరలట. దుమ్మంతా గిన్నెల్లోనే. నల్ల గట్టుకి తెల్ల అంచట. పొయ్యి గట్టా, రోడ్డు మధ్య గీతా? అలాంటిది చేశానని తెలిస్తే నాకు పని నేర్పినవాళ్ళు లేచొస్తారు. నీ జవాబుల కాగితం నేను దిద్దాను. సామాన్లు కళ్ళెదుట ఉండాలా, దాచిపెట్టాలా అన్న చోట నువ్వు రాసింది కొట్టేసి "దాచిపెట్టాలి" అని రాశాను. నీకంటే నిన్ను నాకే బాగా తెలుసు. చిన్నప్పుడు పెన్సిలు ముక్కలు కూడా డబ్బాలో పెట్టి మూత బిగించేదానివి. డిజైను అమ్మాయి చూసి, "ఆవిడ పిడులు కావాలన్నారు కదా తాతగారూ" అంది. ఆవిడ నా చెల్లెలు, నీ చెల్లెలు కాదన్నాను.

మంచి చెక్క దొరికింది. గీత చూస్తే ఏటి ఒడ్డున ఇసకలో నీళ్ళు తీసిన గీతలా ఉంది. రెండు రోజులు దాన్ని కొయ్యలేదు, ఊరికే చూస్తూ కూర్చున్నాను. చెయ్యి కూడా ఆ రెండు రోజులూ బుద్ధిగానే ఉంది.

అన్నయ్య

*

ముందుగది నుంచి

అన్నయ్యా,

నువ్వూ నీ మనుషులూ వెళ్ళాక వంటగది గడప మీద చాలాసేపు నిలబడ్డాను. చాలా బాగుంది. చేత్తో ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరాను. నువ్వన్నట్టే ఎక్కడా అతుకు తగల్లేదు.

మీ యజమాని ఒక జంటని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి తలుపు నొక్కి, అది తెరుచుకోగానే చిన్నపిల్లలా నవ్వింది. "మీకు అలవాటైపోయిందాండీ?" అని నన్నడిగింది. అయిపోయిందన్నాను. మళ్ళీ వచ్చే వారం ఇంకెవరినో తీసుకొస్తాడట.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఎక్కువ రాయలేకపోతున్నాను.

నీ చెల్లెలు

*

ఇంటి దగ్గర నుంచి

కొలబద్దకి,

ఇంటి పట్టున కూర్చున్నాను. చిత్రికలూ ఉలులూ నూనె రాసి పెట్టెలో పెట్టాను. యజమాని నీ వంటగది ఫోటో పెద్దది చేయించి షాపులో తలుపుకి ఎదురుగా పెట్టాడు. రోజూ సాయంత్రం అటు నడుస్తాను. ఫోటో చూడటానికి కాదు, దారి అటు కాబట్టి.

నువ్వు రాసిన నాలుగు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చదివాను. నాకది చాలదు. కొలిచేవాడికి కొలత చెప్పాలి. గట్టు ఎత్తు నీ మోచేతికి సరిపోయిందా? తలుపు ఎంత గట్టిగా నొక్కాల్సి వస్తోంది? ఉప్పు ఏ అరలో పెట్టావు, పంచదార ఏ అరలో పెట్టావు? ఏం వండుకుంటున్నావు? ఇవేవీ రాయకుండా బాగుంది, బాగుంది అంటే అది పరాయివాళ్ళ మెప్పు. నీ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. నాలాంటివాడు కూడా చదవలేకపోతున్నాడంటే చూసుకో.

సంగతేంటో రాయి.

అన్నయ్య

*

ముందుగది నుంచి, పక్కింటి టైలరమ్మ చేతిరాతలో

అన్నయ్యా,

ఇది నా రాత కాదు. నేను చెప్తుంటే పక్కింటి టైలరు రాస్తోంది. మనిషి మంచిది. రాసింది మళ్ళీ చదివి వినిపిస్తుంది, మధ్యలో తన అభిప్రాయం కూడా చెప్తుంది. అది మాత్రం రాయొద్దన్నాను.

నాకు చూపు పోతోంది. అమ్మకి పోయినట్టే. నడిమి భాగం పోయింది, అంచులు మిగిలాయి. దేన్నయినా నేరుగా చూస్తే అది మాయమవుతుంది. పక్కకి చూస్తే దాని నీడ తెలుస్తుంది. పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. నువ్వు కొలతలకి వచ్చేనాటికే సగం పోయింది.

నీ వంటగదిలో నేను వండటం లేదు. మొదటి వారం వండాను. ఏ తలుపు ఎక్కడుందో చేతికి తెలియదు. గోడ మొత్తం ఒకటే నునుపు. పప్పు అర అనుకుని నొక్కితే గ్లాసుల అర తెరుచుకుని తలుపు అంచు నుదుటికి తగిలింది. టైలరమ్మకి టీ ఇస్తే ఒక్క గుక్క తాగి పక్కన పెట్టింది, పంచదార బదులు ఉప్పు పడిందని చెప్పలేదు. గట్టు ఎక్కడ అయిపోతుందో తెలియక మరిగే గిన్నెని గాలిలో పెట్టాను. కాలి మీద పడింది. మానుతోంది, కంగారు పడకు.

ఆ రోజు నుంచి ముందుగదిలోనే ఉంటున్నాను. రొట్టె, అరటిపండ్లు, టైలరమ్మ ఏదైనా ఇస్తే అది తింటున్నాను. మీ యజమాని వచ్చే రోజు మాత్రం వంటగది తాళం తీసి, గట్టు తుడిచి, గుమ్మంలో నిలబడి అలవాటైపోయిందని చెప్తున్నాను. నిన్న వచ్చిన ముసలావిడ నా చెయ్యి పట్టుకుని "అదృష్టవంతురాలివమ్మా" అంది. ఆవిడ కూడా ఇలాంటిదే చేయించుకుంటుందట. నా అబద్ధం ఇంకొకరి ఇంట్లోకి వెళ్తోంది.

ముందే ఎందుకు చెప్పలేదని తిడతావు. చెప్తే పని ఆపేసేవాడివి. రెండు రోజులు కొయ్యకుండా చూస్తూ కూర్చున్నానని రాశావు చూడు, అది చదివాక చెప్పడానికి నోరు రాలేదు. వండుకోలేని రోజు చెప్తానని నీ మేనకోడలికి మాట ఇచ్చాను. ఇంకా చెప్పలేదు. ఈ నెలాఖరుకి వస్తోంది, అప్పుడు చెప్తాను.

నీ చెల్లెలు

(పెద్దాయనా, నేను టైలరుని. ఈ ఒక్క ముక్క ఆవిడకి తెలియకుండా రాస్తున్నాను. కాలు మానడం లేదు. తొందరగా రండి.)

*

ఇంటి దగ్గర నుంచి

కొలబద్దకి,

ఈ కాగితం టైలరమ్మ చదువుతుందని తెలుసు. కాబట్టి పని మాటలే రాస్తాను. నాకూ నీకూ మధ్య ఒక మాట ఉంది. అది ఆవిడ నోటి మీదుగా రావడం నాకిష్టం లేదు. టైలరమ్మా, ఏమీ అనుకోకు. నీ కుట్టు గట్టిదే, నమ్ముతాను.

ముందు కాలు ఆస్పత్రిలో చూపించుకో. రేపు కాదు, ఇది వినగానే.

షాపుకి వెళ్ళి యజమానితో పిడులు బిగించాలని చెప్పాను. ఎగిరాడు. "ఆ తలుపులకి కన్నాలా? నీకు మతి పోయిందా పెద్దాయనా? ఆ ఫోటో చూసే జనం వస్తున్నారు" అన్నాడు. ఫోటో తీసెయ్యి అన్నాను. తియ్యనన్నాడు. స్టూలు ఎక్కి నేనే తీశాను. నా ఈడువాణ్ణి స్టూలు మీద నుంచి లాగడానికి ఎవడికీ ధైర్యం చాల్లేదు. ఆ ముసలావిడ చిరునామా అడిగి ఆమెకి కూడా కబురు చేశాను, కొనేముందు కళ్ళు మూసుకుని ఒకసారి ఆ తలుపుల దగ్గర నిలబడి చూడమని. డిజైను అమ్మాయే రాసి పెట్టింది. రాస్తూ నా వైపు చూడలేదు. పిడుల సంగతి ఆ పిల్ల ముందే అడిగింది కదా. చూడకపోవడమే నయం.

నా దగ్గర ఒక రేకు డబ్బా ఉంది. ఇన్నేళ్ళలో చేసిన వంటగదుల్లో మిగిలిపోయిన పిడులు అందులో వేశాను. ఒకదానికి ఒకటి జత లేదు. గుండ్రటి పింగాణీది, ఇనుప కడియం, మెలితిరిగిన ఇత్తడిది, తోలు పట్టీ, చెక్క గుబ్బ. దేన్ని పట్టుకున్నా అదేదో చేతికి తెలుస్తుంది. అన్నీ తెస్తున్నాను. ఏది ఏ తలుపుకి పెట్టాలో నువ్వు చెప్పు. నేను దిద్దను. గట్టుకి తెల్ల అంచు కూడా వేస్తాను, చేతికి తగిలేలా కాస్త ఎత్తుగా. రోడ్డు మధ్య గీత అన్నానుగా, అదే వేస్తాను.

నెలాఖరు లోపే వస్తాను. నేనొచ్చి వెళ్ళేదాకా మేనకోడలికి ఏమీ చెప్పకు.

అన్నయ్య

*

పిడులు బిగించి వెళ్తూ ఉప్పు అరలో పెట్టిన చెక్క పలక, ఉలితో చెక్కింది

కొలబద్దా
వేలితో చదువు
టైలరమ్మకి ఇవ్వకు

నీళ్ళు ఒలికిన రోజే
నాకు తెలిసింది
అమ్మకీ అలాగే మొదలైంది

పరధ్యానం అని రాశాను
తెలిసే రాశాను
ఒప్పుకుంటే పిడులు పెట్టాలి

ఆ వంటగది నీకోసం కాదు
నాకోసం చేసుకున్నాను

నాలుగు రోజులున్నా
నోటితో చెప్పలేకపోయాను

అన్న

*

వంటగది నుంచి

అన్నయ్యా,

ఈసారి నా చేత్తోనే రాస్తున్నాను. టైలరమ్మ అట్టముక్కలో వరసలు కోసి ఇచ్చింది. కాగితం మీద పెట్టుకుని ఆ సందులోనే రాస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు.

పింగాణీ పిడి పట్టుకుని ఉప్పు డబ్బా కోసం చెయ్యి పెడితే పలక తగిలింది. మధ్యాహ్నమంతా ఒళ్ళో పెట్టుకుని చదివాను. ఒక అక్షరం తలకిందులుగా చెక్కావు. రంపపు పొట్టులో దిద్దించినప్పుడు కూడా దాన్ని అలాగే రాసేవాడివి. నా వేలికి అక్కడ నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

"ఏముందండీ అందులో?" అని టైలరమ్మ అడిగింది. కొలతలని చెప్పాను.

నీకు తెలుసని నాకు తెలుసు అన్నయ్యా. నీళ్ళు ఒలికినప్పుడు నువ్వు లేచి గుడ్డతో తుడిచావు. గుడ్డ చప్పుడు విన్నాను. గ్లాసు మీద వేలిముద్ర ఉన్నా తిట్టే మనిషివి, ఆ రోజు నోరెత్తలేదు. నువ్వు ఊరుకున్నావంటే నీకు అర్థమైందని నాకు అర్థమైంది. ఉత్తరంలో పరధ్యానం అని తిట్టినప్పుడు, సరే, ఇద్దరం ఇలాగే ఉందాం అనుకున్నాను. నువ్వు అడగకూడదు, నేను చెప్పకూడదు. తప్పంతా నువ్వొక్కడివే చెక్కుకున్నావు. అందులో నా వాటా కూడా ఉంది. ఆ పలకలో చోటు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్నల కాగితంలో నా జవాబు కొట్టేసి దాచిపెట్టాలి అని రాశావు కదా. నీ మీద కోపంతో చాలా రోజులు ఉన్నాను. నువ్వు దిద్దిందే సరైంది. మనిద్దరం అలాంటి వాళ్ళమే. కాకపోతే వంటగది అలా ఉండకూడదు.

నీ మేనకోడలు వచ్చింది. చూపు సంగతి, కాలి సంగతి అంతా చెప్పేశాను. ఏడ్చింది, నన్ను తిట్టింది, నిన్ను ఇంకా ఎక్కువ తిట్టింది. అంతా విని, లేచి వెళ్ళి అన్నం వండాను. సాయం వస్తానంటే గడప దాటొద్దన్నాను. ఇనుప కడియం, బియ్యం. తోలు పట్టీ, గిన్నె. గట్టు అంచు వేలికి తగిలేదాకా జరిపి గిన్నె దించాను. అన్నం కాస్త మెత్తబడింది. ఇద్దరం తిన్నాం. "ఇంకొన్నాళ్ళు చూద్దాం అమ్మా" అని వెళ్ళింది. ఎన్నాళ్ళో తెలియదు. ఈ నెల మాత్రం ఇక్కడే ఉంటున్నాను.

నువ్వు మళ్ళీ రా. పలక మీద చెప్పింది నోటితో చెప్పనక్కర్లేదు. ఎలాగూ నేనేమన్నా నీకు వినపడదు. ఈసారి కూడా మంచినీళ్ళు నేనే పోసిస్తాను. ఒలికితే తుడవకు. ఒలికిందని చెప్పు.

నీ కొలబద్ద